కార్న్‌వాల్ పేరులో "వాల్" ఎక్కడిది? కెర్నో అంటే ఏంటి?

సుధ_ట్రూరో
అందరికీ నమస్తే. ఉద్యోగం మారి కార్న్‌వాల్ వచ్చాం. టేమర్ నది దాటగానే రోడ్డు పక్కన రెండు భాషల్లో స్వాగతం బోర్డు కనిపించింది. ఇంగ్లిష్‌తో పాటు "కెర్నో అగస్ దినెర్హ్" అని ఉంది. ఆఫీసులో ఒకాయన "ఇది ఇంగ్లండ్‌లో ఒక కౌంటీ అని మాత్రం అనకు, మా లెక్క వేరు" అన్నాడు. సగం నవ్వుతూ అన్నాడు కానీ మిగతా సగం సీరియస్సే. మ్యాపులో చూస్తే ఇంగ్లండ్ నైరుతి కొస, పక్కా కౌంటీయే. కెర్నో, కార్న్‌వాల్ ఒకటేనా? ఈ పేరు ఎవరు పెట్టారు? నెట్‌లో తలో మాట చెబుతున్నారు. భాషల మీద ఆసక్తి ఉన్నవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు కదా అని అడుగుతున్నా.

జొన్నపొత్తు
ఇందులో ఏముంది సుధగారూ, కార్న్ అంటే మొక్కజొన్న, వాల్ అంటే గోడ. పొలం చుట్టూ గోడ కట్టి ఉంటారు. నెక్స్ట్ క్వశ్చన్.

పరంధామం
జొన్నపొత్తు గారూ, మొక్కజొన్న ఐరోపాకు వచ్చింది కొలంబస్ తర్వాత. ఈ పేరు అంతకు ఆరు వందల ఏళ్ల ముందే రాతలో ఉంది. సరదాకే అన్నారని తెలుసు, అయినా ఈ గోడ కథ నిజమని నమ్మేవాళ్లు ఉన్నారు కాబట్టి చెబుతున్నా.

సుధమ్మా, ఇది రెండు భాషల ముక్కలు అతికిన పేరు. మొదటి ముక్క స్థానికులది, రెండోది బయటి నుంచి వచ్చినవాళ్లు తగిలించింది.

"కార్న్" బ్రిటన్‌లో ఇంగ్లిష్ రాకముందు మాట్లాడిన కెల్టిక్ భాషలోది. అర్థం కొమ్ము. మ్యాపు తిరగేస్తే కారణం తెలుస్తుంది, సముద్రంలోకి పొడుచుకెళ్లిన కొమ్ములాగే ఉంటుంది ఆ నేల. అక్కడి ప్రజలను "కొర్నోవీ" అన్నారని పండితుల మాట. క్రీ.శ. 700 ప్రాంతంలో ఇటలీలోని రవెన్నాలో తయారైన ఊళ్ల జాబితాలో "పురోకొరోనావిస్" అని ఒక పేరు కనిపిస్తుంది. నకలు రాసినవాడు తప్పు రాశాడనీ, అది "దురోకొర్నోవియో", అంటే కొర్నోవీల కోట అయి ఉండాలనీ సరిదిద్దుకుంటారు. ఆ కొర్నోవీ నుంచి వచ్చిందే కెర్నో. వెల్ష్ భాషలో ఇప్పటికీ కార్న్‌వాల్‌ను కెర్నియు అంటారు. కాబట్టి కెర్నో వాళ్ల సొంత పేరు.

"వాల్" మాత్రం సముద్రం దాటి వచ్చి ఇంగ్లిష్ తెచ్చిన ఆంగ్లో-శాక్సన్లది. పాత ఇంగ్లిష్‌లో "వెయలాస్" అంటే మన భాష మాట్లాడనివాళ్లు, పరాయివాళ్లు. వేల్స్ దేశం పేరు కూడా అదే మాట. అంటే కార్న్‌వాల్ అంటే "కొమ్ము దగ్గరి పరాయివాళ్లు".

జొన్నపొత్తు
ఆగండాగండి. సముద్రం దాటి వచ్చింది శాక్సన్లు. ముందు నుంచి అక్కడున్నవాళ్లు పరాయివాళ్లా?

పరంధామం
అదే కదా తమాషా. పేరు పెట్టే అధికారం గెలిచినవాడిది.

వేమూరి_కుర్రాడు
మాష్టారూ, కొమ్ముకీ సంస్కృతం శృంగానికీ సంబంధం ఉందా? ఎక్కడో చదివాను. కార్న్, కొమ్ము కూడా దగ్గరగానే వినిపిస్తున్నాయి. తెలుగు నుంచే వెళ్లిందంటారా? 😀

పరంధామం
శృంగానికి ఉంది. లాటిన్ "కొర్ను", ఇంగ్లిష్ "హార్న్", కెల్టిక్ "కొర్న్", సంస్కృతం "శృంగ" అన్నీ ఒకే పాత వేరు నుంచి చీలినవే. ఒకచోట క, ఒకచోట హ, ఒకచోట శ అయింది. అలా మారడానికి నియమం ఉంది, ఈ ఒక్క మాటలోనే కాదు, వందల మాటల్లో అలాగే మారుతుంది. కొమ్ము మాత్రం ద్రావిడ మాట, తమిళంలో కొంబు, కన్నడంలో కొంబు. కార్న్‌తో చుట్టరికం లేదు. రెండు మాటలు ఒకేలా వినిపించగానే బీరకాయ పీచు సంబంధం కలిపేస్తే నిఘంటువులన్నీ తగలబెట్టుకోవాల్సిందే బాబూ.

లావణ్య_లీడ్స్
పరంధామం గారి పోస్టుకు రెండు మాటలు కలుపుతాను. "కొమ్ము అంటే ద్వీపకల్పం" అన్నది ఎక్కువమంది ఒప్పుకునే మాటే, కానీ అక్కడ ఒక చిక్కు ఉంది. కొర్నోవీ పేరుతో బ్రిటన్‌లో ఇంకో రెండు తెగలు ఉండేవి. ఒకటి స్కాట్లండ్ ఉత్తరపు కొసన కేత్‌నెస్‌లో. అది సరే, అదీ కొసే. రెండోది ఇప్పటి ష్రాప్‌షైర్ ప్రాంతంలో, సముద్రానికి దూరంగా, నేల మధ్యలో. రోమన్ల కాలంలో వాళ్ల పట్టణం విరోకోనియం. అక్కడ కొమ్ము అంటే ఏంటి? కొమ్ముల దేవుణ్ని కొలిచేవాళ్లని కొందరంటే, అక్కడి కొండను బట్టి వచ్చిందని మరికొందరు అంటారు. అందుకని "మ్యాపు చూడండి, తెలిసిపోతుంది" అనేంత తేలిక కాదు. ఆ రోజుల్లో మ్యాపు చూసి పేరు పెట్టినవాడు ఎవడున్నాడు?

ఇక రాతలో మొదటిసారి ఎక్కడ కనిపిస్తుందంటే, ఏడాదివారీగా పాత ఇంగ్లిష్‌లో రాసిన చరిత్ర, ఆంగ్లో-శాక్సన్ క్రానికల్‌లో 891 నాటి పద్దులో. కథ భలే ఉంటుంది. ఐర్లండ్ నుంచి ముగ్గురు, దేవుడి మీద భారం వేసి, తెడ్లు లేని పడవలో బయల్దేరారు. పడవ రెండున్నర తోళ్లతో చేసింది. ఏడు రాత్రుల తర్వాత ఒడ్డుకు కొట్టుకొచ్చి, అక్కడి నుంచి ఆల్‌ఫ్రెడ్ రాజు దగ్గరికి వెళ్లారు. ఆ ఒడ్డే "కార్న్‌వాలుమ్". వ్యాకరణం చూస్తే అది ఊరి పేరు కాదు, జనం పేరు: "కార్న్-వెయలాస్ దగ్గర" అని. జనం పేరే తర్వాత నేల పేరు అయింది.

సుధ_ట్రూరో
అద్భుతం. అంటే అప్పటికే అది ఇంగ్లిష్ రాజుల చేతిలో ఉందా?

లావణ్య_లీడ్స్
పూర్తిగా కాదు. వరసగా చెబుతాను. 815లో శాక్సన్ల రాజ్యం వెసెక్స్‌ను ఏలిన ఎగ్‌బర్ట్ ఈ ప్రాంతాన్ని తూర్పు నుంచి పడమర దాకా కొల్లగొట్టాడు. క్రానికల్ అప్పుడు దీన్ని "పడమటి వెయలాస్" అంటుంది. 838లో కార్నిష్ వాళ్లు, అంటే కార్న్‌వాల్ జనం, డేన్‌లతో (వైకింగులతో) చేతులు కలిపి ఎదురు తిరిగితే హింగ్‌స్టన్ డౌన్ దగ్గర ఓడించాడు. 875లో దుంగార్త్ అనే కెర్నియు రాజు నీళ్లలో మునిగి చనిపోయాడని వెల్ష్ వార్షికాలు రాశాయి. రాజుగా పేరు దొరికే చివరివాళ్లలో ఆయన ఒకడు. 936 ప్రాంతంలో అథెల్‌స్టన్, ఎక్సెటర్‌లో ఇంకా మిగిలున్న బ్రిటన్లను, అంటే పాత కెల్టిక్ జనాన్ని, వెళ్లగొట్టి, టేమర్ నది తూర్పు గట్టును హద్దుగా పెట్టాడంటారు. సుధా, నువ్వు దాటిన నది అదే. ఇప్పటికీ కౌంటీ సరిహద్దు చాలావరకు అదే.

ఇంకో విషయం, యార్క్‌షైర్, ఆక్స్‌ఫర్డ్‌షైర్ లాగా దీనికి షైర్ తగలదు. షైర్ అంటే రాజ్యంలోంచి పాలన కోసం కోసిన ముక్క. కెంట్, ఎసెక్స్, ససెక్స్, కార్న్‌వాల్ లాంటివి ముందు నుంచీ విడిగా ఉన్న ప్రాంతాలు, పేర్లూ అలాగే మిగిలాయి.

రవి_నెల్లూరు
"పరాయివాళ్లు" అన్న అనువాదం మీద నాకు కొంచెం అభ్యంతరం ఉంది. వెయలాస్ మాటను శాక్సన్లు డేన్‌లకు వాడలేదు, ఫ్రాంక్‌లకు వాడలేదు. వాళ్లూ పరాయివాళ్లే కదా? ఈ మాట జర్మనిక్ జాతులు అన్నిచోట్లా రోమన్ పాలన కింద ఉన్నవాళ్లకు, లాటిన్ గానీ కెల్టిక్ గానీ మాట్లాడేవాళ్లకు వాడారు. బెల్జియంలో వాలోనియా, రుమేనియాలో వలాకియా ఇవన్నీ ఆ బాపతే. పోలండ్‌వాళ్లు ఇటలీని ఈ రోజుకీ "వ్వోహి" అంటారు, అదీ ఇదే. కాబట్టి "రోమన్ నీడలో బతికినవాళ్లు" అనడం దగ్గరగా ఉంటుంది.

పరంధామం
రవిగారూ, బాగా పట్టుకున్నారు. మొదటి అర్థం అదే. కానీ ఇంగ్లండ్‌లోకి వచ్చాక మాట విలువ ఇంకా దిగజారింది. పాత ఇంగ్లిష్‌లో "వెయల్హ్" అంటే బానిస అన్న అర్థం కూడా వచ్చింది. వెసెక్స్ రాజు ఐనె 690ల నాటి చట్టాల్లో మనిషిని చంపితే కట్టాల్సిన సొమ్ము లెక్క ఉంది. అదే హోదా ఉన్న ఇంగ్లిష్‌వాడి కంటే వెయల్హ్ ప్రాణానికి తక్కువ రేటు. అలాంటి మాటను "రోమన్ నీడ" అంటే మరీ మెత్తగా ఉంటుంది.

రవి_నెల్లూరు
ఒప్పుకుంటా. అయితే వాల్‌నట్ కూడా ఇదే మాట అని చెప్పడం మరిచారు. "పరాయి గింజ". మా ఇంట్లో అక్రోట్ కొన్నప్పుడల్లా ఇది చెప్పి అందరికీ బోరు కొట్టిస్తుంటా.

కోరంగి_కృష్ణ
ఇది చదువుతుంటే మన సంగతే గుర్తొస్తోంది. తమిళులు పాత కాలం నుంచీ తెలుగువాళ్లను వడుగర్ అన్నారు, ఉత్తరాదివాళ్లు అని. మనకు మనం ఉత్తరం ఎలా అవుతాం? మద్రాసులో ఇంగ్లిష్‌వాళ్లు మనల్నీ మన భాషనీ "జెంటూ" అన్నారు. అది పోర్చుగీసు మాట, క్రైస్తవులు కానివాళ్లు అని. 1816లో క్యాంప్‌బెల్ అచ్చు వేసిన తెలుగు వ్యాకరణం పేరులోనే "సాధారణంగా జెంటూ అని పిలిచే తెలుగు భాష" అని ఉంటుంది. బర్మాలో మనవాళ్లు "కోరంగీ"లు. కాకినాడ దగ్గరి మా కోరంగి రేవు నుంచి ఓడ ఎక్కారు కాబట్టి. తేడా ఒకటే, జెంటూ పోయింది, తెలుగు నిలిచింది. కార్న్‌వాల్‌కు అలా జరగలేదు, "వెయలాస్" అచ్చులో స్థిరపడిపోయింది.

లావణ్య_లీడ్స్
కృష్ణ గారూ, బాకీ అయితే వాళ్లూ తీర్చుకున్నారు. కార్నిష్ భాషలో ఇంగ్లిష్‌ను "సౌస్‌నెక్" అంటారు, శాక్సన్ భాష అని. వెల్ష్‌లో ఇంగ్లిష్‌వాళ్లు "సైసన్". స్కాట్లండ్‌లో తిట్టులా వాడే "సాసెనాక్" కూడా ఇదే. రిచర్డ్ కేరూ 1602లో కార్న్‌వాల్ గురించి రాసిన పుస్తకంలో ఒక ముచ్చట ఉంది. దారి అడిగిన కొత్తవాడికి కొందరు ఇలా జవాబిస్తారట: "నేను శాక్సన్ భాష మాట్లాడను." ఆ జవాబు కార్నిష్‌లోనే.

జొన్నపొత్తు
చెన్నైలో నాకు ఆటోవాడు ఇచ్చిన జవాబు ఇదే 😂

మోడరేటర్
నవ్వుకోండి గానీ ప్రాంతాల గొడవ వైపు వెళ్లొద్దు. చర్చ బాగుంది, సాగించండి.

గుంటూరు_గోపి
కార్న్‌వాలిస్ దొరకీ ఈ కార్న్‌వాల్‌కీ సంబంధం ఉందా? స్కూల్లో శాశ్వత శిస్తు నిర్ణయం అని చదివి చదివి ప్రాణం పోయింది.

పరంధామం
పేరులో ఉంది, మనిషిలో లేదు. కార్న్‌వాలిస్ అంటే నార్మన్ ఫ్రెంచ్‌లో "కార్న్‌వాల్‌వాడు". ఊరు వదిలి వేరేచోట స్థిరపడినవాడికే కదా అలాంటి ఇంటిపేరు వచ్చేది. ఊళ్లోనే ఉంటే అందరూ కార్న్‌వాల్‌వాళ్లే. ఆ కుటుంబం తరతరాలుగా సఫోక్‌లో ఉంది, చార్లెస్ కార్న్‌వాలిస్ 1738లో లండన్‌లో పుట్టాడు. యార్క్‌టౌన్‌లో 1781లో అమెరికన్లకు లొంగిపోయి, 1786లో గవర్నర్ జనరల్‌గా మన నెత్తిన పడ్డాడు.

మీ గుంటూరుకూ ఈయనతో లెక్క ఉంది. దాన్ని ఏలిన నిజాం సోదరుడు బసాలత్ జంగ్ 1782లో పోయాక గుంటూరు సర్కారు కంపెనీకి రావాలని ఒప్పందం. నిజాం నాన్చుతూ వచ్చాడు. 1788లో కార్న్‌వాలిస్ మెడ మీద కూర్చుని వసూలు చేసుకున్నాడు. బెంగాల్లో 1793లో పెట్టిన శిస్తు పద్ధతి ఉత్తర సర్కార్లకు 1802 నుంచి వచ్చింది, అప్పటికి ఆయన ఇక్కడ లేడు. మళ్లీ 1805లో వచ్చి కొన్ని నెలల్లోనే ఘాజీపూర్‌లో పోయాడు.

వేమూరి_కుర్రాడు
నేను వేరే కథ విన్నా. కొరినియస్ అనే ట్రాయ్ వీరుడు రాక్షసుణ్ని కుస్తీలో ఎత్తి సముద్రంలో పడేశాడనీ, ఆయన పేరు మీదే కార్న్‌వాల్ అనీ.

లావణ్య_లీడ్స్
అది జెఫ్రీ ఆఫ్ మన్‌మత్ 1136 ప్రాంతంలో రాసిన బ్రిటన్ రాజుల చరిత్రలోది. రాక్షసుడి పేరు గోయెమాగోట్. బ్రిటన్ పేరుకు బ్రూటస్ అనే వీరుణ్ని పుట్టించినట్టే కార్న్‌వాల్‌కు కొరినియస్‌ను పుట్టించాడు. ఏ ఊరి స్థలపురాణం చూసినా ఇలాంటి వీరుడు ఒకడుంటాడు. చరిత్రగా తీసుకోనక్కర్లేదు గానీ, శతాబ్దాల పాటు జనం నమ్మారు. కేరూ కూడా ఈ కథను వదల్లేదు.

సుధ_ట్రూరో
ఇక్కడ ఊళ్ల పేర్లన్నీ ట్రె, పెన్, పోల్ అని మొదలవుతున్నాయి. అడ్రస్ చెబితే ఒక్కటీ గుర్తుండటం లేదు. అవీ కార్నిషేనా?

పరంధామం
అవును. "ట్రె, పోల్, పెన్ బట్టి కార్నిష్‌వాణ్ని పోల్చుకోవచ్చు" అన్న సామెతను కేరూయే రాసిపెట్టాడు. ట్రె అంటే ఇల్లూ పొలమూ కలిసిన పల్లె, పోల్ అంటే మడుగు, పెన్ అంటే తల లేదా కొస. పెన్‌జాన్స్ అంటే "పవిత్రమైన కొస". రెడ్రూత్ చూసి రెడ్ అంటే ఎరుపు అనుకుంటారు. కాదు, అందులో "రూత్" ఎరుపు, "రెడ్" రేవు. నీళ్లు దాటే ఎర్ర రేవు అన్నమాట. మనం పల్లి, పాడు, వరం చివర పెడతాం, వాళ్లు ముందు పెడతారు. ఆ భాషలో నామవాచకం ముందు, విశేషణం తర్వాత. అది గుర్తుంచుకుంటే అడ్రస్‌లో తేడా ఉన్న ముక్క ఎప్పుడూ చివరే ఉంటుంది.

రవి_నెల్లూరు
ఆవిరి రైలింజను చేసిన ట్రెవితిక్ అక్కడివాడే. 1771లో పుట్టాడు, 1804లో వేల్స్‌లో పట్టాల మీద ఇంజను నడిపించాడు. క్రికెటర్ ట్రెస్కోథిక్ ఇంటిపేరు కూడా కార్నిషే, ఆయన పుట్టింది మాత్రం సోమర్సెట్‌లో.

కోరంగి_కృష్ణ
ఇంతకీ ఆ భాష ఇప్పుడు ఉందా, పోయిందా?

లావణ్య_లీడ్స్
పోయి వచ్చింది అనాలి. 1549లో ఇంగ్లిష్ ప్రార్థన పుస్తకాన్ని అందరి మీదా రుద్దినప్పుడు కార్నిష్ వాళ్లు తిరగబడ్డారు. "మాలో కొందరికి ఇంగ్లిషే రాదు, ఈ కొత్త ఇంగ్లిష్ మాకొద్దు" అని డిమాండ్లలో రాశారు. తిరుగుబాటును రక్తపాతంతో అణిచేశారు, భాష పడమటికి ఒదిగిపోతూ వచ్చింది. మౌజల్ అనే రేవు ఊళ్లో చేపలు అమ్మే డాలీ పెంట్రీత్ 1777లో చనిపోయింది. చివరి కార్నిష్ మాతృభాషి ఆమే అని వాడుక, ఆమె తర్వాత కూడా కొంత తెలిసినవాళ్లు ఉన్నారని వాదించేవాళ్లూ ఉన్నారు. 1904లో హెన్రీ జెనర్ నేర్చుకునేవాళ్ల కోసం పుస్తకం వేశాడు, అక్కడి నుంచి మళ్లీ చిగురేసింది. మూడు నాలుగు రకాల స్పెల్లింగుల వర్గాలు కొట్టుకుని, చివరికి 2008లో ఒక ప్రామాణిక స్పెల్లింగు పద్ధతికి ఒప్పుకున్నారు. 2011 జనగణనలో మా ప్రధాన భాష కార్నిష్ అన్నవాళ్లు 557 మంది. 2010లో యునెస్కో "అంతరించింది" అన్న ముద్ర తీసేసి "తీవ్ర ప్రమాదంలో ఉంది" అని మార్చింది.

సుధా, మీ ఆఫీసాయన మాటకు ఆధారం ఉంది. 2014 ఏప్రిల్‌లో బ్రిటిష్ ప్రభుత్వం కార్నిష్ ప్రజలను జాతీయ మైనారిటీగా గుర్తించింది. రెండేళ్లకే భాషకిచ్చే నిధులు ఆపేసింది, అది వేరే సంగతి.

గుంటూరు_గోపి
ప్రిన్స్ విలియమ్‌ను డ్యూక్ ఆఫ్ కార్న్‌వాల్ అంటారుగా, మరి కౌంటీ అంతా ఆయనదేనా?

పరంధామం
డచీ వేరు, కౌంటీ వేరు. 1337లో మూడో ఎడ్వర్డ్ తన పెద్దకొడుక్కి రాబడి కోసం ఏర్పాటు చేసిన ఎస్టేటు డచీ. అప్పటి నుంచీ రాజుగారి వారసుడిదే, 2022 సెప్టెంబరు నుంచి విలియమ్‌ది. భూముల్లో పెద్ద భాగం కార్న్‌వాల్ బయటే, డెవన్‌లోని డార్ట్‌మూర్‌లో ఉంది. లండన్ ఓవల్ మైదానం స్థలం కూడా డచీదే. 2025 ఆగస్టులో మన సిరాజ్ చివరి వికెట్ తీసి 6 పరుగులతో గెలిపించాడే, కాగితాల్లో అది కార్న్‌వాల్ డ్యూక్ గారి నేల.

జొన్నపొత్తు
ఈ ఒక్క ముక్కకే చర్చంతా చదివినందుకు గిట్టుబాటు అయింది.

ఛాంపియన్‌రీఫ్_మురళి
కొత్తగా చేరాను. కోలార్ బంగారు గనుల కుటుంబం మాది. తాతలు చిత్తూరు వైపు నుంచి పనికి వచ్చారు. కార్న్‌వాల్ పేరు మా ఇళ్లలో చిన్నప్పటి నుంచీ వినేదే. అక్కడ తగరం, రాగి గనులు 19వ శతాబ్దం రెండో సగంలో దెబ్బతిన్నాక గనిపని తెలిసినవాళ్లు దక్షిణ ఆస్ట్రేలియా, మెక్సికో, మిచిగన్ ఇలా ఎక్కడ గొయ్యి తవ్వితే అక్కడికి వెళ్లారు. వాళ్లకు "కజిన్ జాక్" అని ముద్దుపేరు. 1880లో జాన్ టేలర్ కంపెనీ కోలార్‌కు వచ్చాక వాళ్లలో కొందరు ఇక్కడ మేస్త్రీలుగా, మేనేజర్లుగా చేశారు. కింద బొరియల్లో దిగింది తెలుగువాళ్లు, తమిళులు. గని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు వెళ్లింది, 2001 ఫిబ్రవరిలో మూశారు. కార్న్‌వాల్‌లో చివరి తగరం గని సౌత్ క్రాఫ్టీ 1998లోనే మూతపడింది.

పరాయివాళ్లు అని పేరు పడినవాళ్ల మనవలే ఇక్కడికొచ్చి మా తాతలకు దొరలయ్యారు. నేనైతే వాళ్ల మీద మరీ అంత జాలి పడలేను.

పరంధామం
ఈ మాట మీరే చెప్పాలి మురళిగారూ. పుస్తకంలో దొరకదు.

సుధ_ట్రూరో
మురళిగారూ, ఇక్కడి గనుల ప్రాంతాన్ని 2006లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. ఇంజను ఇళ్ల పొగగొట్టాలు రోజూ బస్సులోంచి కనిపిస్తాయి. అవి నడిపినవాళ్లు కోలార్ దాకా వచ్చారని ఇప్పుడే తెలిసింది.

చివరి ప్రశ్న. పక్కనే ఉన్న డెవన్ కూడా కెల్టిక్ పేరేనా? అక్కడ వాల్ ఎందుకు తగల్లేదు?

లావణ్య_లీడ్స్
డెవన్ కూడా పాత తెగ పేరే, దుమ్నోనీ. ఎక్సెటర్ రోమన్ పేరు ఇస్కా దుమ్నోనియోరుమ్. రోమన్ల లెక్కలో కార్న్‌వాల్ కూడా వాళ్ల ప్రాంతంలోదే. డెవన్ ముందే వెసెక్స్‌లో కలిసిపోయింది, అక్కడివాళ్లు తొందరగా ఇంగ్లిష్‌కు మారారు. శాక్సన్లు ఆ తెగ పేరునే కాస్త మార్చి తమ జనానికే "డెఫ్నాస్" అని పెట్టుకున్నారు. కలిసిపోయినవాళ్లను పరాయివాళ్లు అనాల్సిన పని లేదు కదా. నదికి ఇవతల ఉండి, భాష మార్చుకోకుండా ఇంకో ఎనిమిది వందల ఏళ్లు లాగినవాళ్లకే "వాల్" మిగిలింది.

ఆఫీసులో డెవన్‌ను పొగిడేముందు ఒకసారి చూసుకో. కార్న్‌వాల్‌లో స్కోన్ (టీతో తినే చిన్న బన్ను) మీద ముందు జామ్, తర్వాత క్రీమ్. డెవన్‌లో దీనికి రివర్స్. ఈ విషయంలో వాళ్లు నవ్వరు.